కాలు కోసం బొమ్మనహళ్ళికి

బెంగళూరు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా బళ్ళో తోటి టీచర్లు రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. లాల్‌బాగ్ చూశారా, పట్టుచీర కొన్నారా అని. చూడలేదు, కొనలేదు. నాలుగు రోజుల్లో నేను చూసింది హోసూరు రోడ్డు మీద ఒక బడి, చిక్కపేట వెనక వీధిలో ఒక ఇల్లు, ఆ రెంటి మధ్య తిరిగే ఎర్ర బస్సు. అడిగినవాళ్ళకి అవన్నీ నిలబడి చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

నేను వెళ్ళింది సుగుణకి తోడుగా. సుగుణ చీరాలలో మా వీధిలోనే జాకెట్లు కుడుతుంది. నలభై దాటాయి. భర్త పోయాక చెల్లెలింటి వసారాలో మిషను వేసుకుని బతుకుతోంది. మూడేళ్ళ కిందట ఆటో తిరగబడి కుడికాలు నలిగిపోతే, మోకాలి కింద జానెడు మాత్రం ఉంచి తీసేశారు. అప్పట్నుంచి ఎడమకాలు ఒక్కదానితోనే మిషను తొక్కుతోంది. రోజుకి ఆరు జాకెట్లు కుట్టే మనిషి రెండింటికి వచ్చింది. సాయంత్రానికి ఆ ఉన్న కాలు కూడా వాచేది.

మా ఊరి నేతబట్ట కొనడానికి ఏడాదికి రెండుసార్లు వచ్చే వెంకటరమణప్పగారు మా మామగారి కాలం నుంచీ మాకు తెలుసు. చిక్కపేటలో కొట్టు. ఆయనే మా ఇంటి అరుగు మీద కూర్చుని సుగుణని చూసి చెప్పారు. బెంగళూరులో ఆయనా ఒక ఇరవై మందీ కలిసి సేవాసంఘం ఒకటి నడుపుతున్నారట. ఏటా చలికాలంలో నాలుగు రోజుల శిబిరం పెట్టి కాళ్ళు లేనివాళ్ళకి కాళ్ళు చేయించి ఇస్తారట. "పిల్చుకోని రాండమ్మా. మా ఇంట్లోనే దిగచ్చు," అన్నారు. సుగుణ ఆయన్ని ఒకటే అడిగింది: "ఆ కాలితో మిషను తొక్కొచ్చాండీ?" ఆయనకి తెలియదు. తెలియదనే చెప్పారు. అది నాకు నచ్చింది.

చిక్కపేట వెనక వీధి

చీరాలలో డిసెంబరు చలి అంటే తెల్లవారుజామున దుప్పటి కాళ్ళ మీదికి లాక్కోవడం. బెంగళూరులో పొద్దున ఎనిమిదింటికి కూడా నోట్లోంచి పొగ వస్తోంది. సుగుణ స్టేషను బయట కర్రలకి ఆనుకుని నిలబడి, మాట్లాడినప్పుడల్లా వచ్చే ఆ పొగని చూసుకుంటూ కాసేపు ఊరికే మాట్లాడింది.

వెంకటరమణప్పగారి భార్య నాగరత్నమ్మగారు గుమ్మంలోనే, "తిండి అయిందా మీకు?" అన్నారు. మా వైపు ఆ మాట అట్లా అడిగితే తగాదాకి వచ్చినట్టు. సుగుణ నా మొహం చూసింది. అక్కడ తిండి అంటే పొద్దుటి ఫలహారమని, అన్నం ఊట అని తర్వాత తెలిసింది. వాళ్ళు నాలుగు తరాల నుంచీ బెంగళూరులో ఉన్నవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అందులో సగం కన్నడం. "నీళ్ళు కాచి ఉండాది, స్నానం చేసి రాండి, ఆమేలె మాట్లాడుకుందాం," అన్నారామె. ఆమేలె అంటే ఆ తర్వాత. అర్థం కావడానికి అర క్షణం ఆలస్యమవుతుంది, అంతే.

ఆ పూట అవరేకాయల ఉప్మా పెట్టారు. అవరేకాయ అంటే మన చిక్కుడు గింజ లాంటిదే, పైతోలు కూడా వలిచి వండుతారు. వాళ్ళ వీధంతా ఆ వాసనే. ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని వలుస్తారట. మా ఇళ్ళలో గోంగూర ఒలిచినట్టు. బాగుంది. సాంబారులో బెల్లం వేయడం మాత్రం నాలుగు రోజులైనా అలవాటు కాలేదు. సుగుణ తన సంచిలోంచి చింతకాయ పచ్చడి సీసా తీసి పళ్ళెం పక్కన పెట్టుకుంది. నాగరత్నమ్మగారు ఏమీ అనుకోలేదు. మూడో రోజుకి ఆవిడా వేసుకున్నారు.

బడి: మొదటి రోజు

శిబిరం బొమ్మనహళ్ళిలో ఒక బళ్ళో. రోడ్డంతా లారీలు, దుమ్ము. రోడ్డుకి రెండు పక్కలా బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు. బడి వెనక అటువైపు కొత్త లేఅవుటు వేస్తున్నారట. పాతిన రాళ్ళున్నాయి, ఇళ్ళు లేవు, మేకలున్నాయి.

వరండాలో యాభై మంది దాకా కూర్చుని ఉన్నారు. అంతమంది కాళ్ళు లేనివాళ్ళని ఒకచోట చూడడం నాకు మొదటిసారి. వింతేమిటంటే, పది నిమిషాల తర్వాత కాళ్ళు కనిపించడం మానేసి మనుషులు కనిపిస్తారు. ఒకాయన బీడీ కోసం తడుముకుంటున్నాడు. ఒకావిడ పక్కావిడతో సీటు దగ్గర పోట్లాడుతోంది. సంఘంవాళ్ళు తెల్ల టోపీలు పెట్టుకుని ఉప్మా పొట్లాలు, అరటిపళ్ళు పంచుతున్నారు. అందులో ఒకాయన బ్యాంకు మేనేజరు, ఒకాయన పళ్ళ డాక్టరు, మిగతావాళ్ళు కొట్లవాళ్ళు. పనిలో వాళ్ళకి అంత నైపుణ్యం లేదు. ఒకే మనిషికి మూడు పొట్లాలు వెళ్ళాయి, ఒక వరసకి అసలు రాలేదు. అయినా సాయంత్రం దాకా ఎవరూ కూర్చోలేదు.

అక్కడే గ్రేస్ పరిచయమైంది. బాపట్ల పిల్ల. ఎనిమిదేళ్ళ నుంచీ బెంగళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఏటా ఈ నాలుగు రోజులూ సెలవు పెట్టి ఇక్కడికి వస్తుందట. సుగుణ మాట వినగానే లేచి వచ్చింది.

"అక్కా, మీది చీరాలా? ఆ యాస విని ఎన్నాళ్ళయిందో! టెన్షన్ పడమాకండి, ఇవాళ కొలతే," అంది.

గ్రేస్ ముందు ఆ మిగిలిన కాలు నొక్కి నొక్కి చూసింది. పుండు లేదు, పర్వాలేదంది. పుండున్నవాళ్ళని వెనక్కి పంపేస్తున్నారు. మానాక వచ్చే ఏడాది రమ్మని. అట్లా వెనక్కి పంపినవాళ్ళలో ఆనేకల్ నుంచి వచ్చిన ఒక ముసలాయన, "వచ్చే సంవత్సరం నేనుంటే కదమ్మా," అని కన్నడంలో అని నవ్వాడు. గ్రేస్ నవ్వలేదు. ఆయన చీటీ మీద తన ఆసుపత్రి పేరు రాసిచ్చి, సోమవారం వచ్చి కట్టు కట్టించుకోమంది.

కాళ్ళు చేసే మనిషి కిషన్, ఉత్తరాది వాడు. ప్లాస్టరు పూసిన తడి పట్టీ సుగుణ కాలికి చుట్టూ చుట్టి, ఆరాక చిప్పలా ఊడదీశాడు. ఆ చిప్పతో అచ్చు పోసి, దాని మీద ప్లాస్టిక్ గొట్టాన్ని పొయ్యిలో మెత్తబరిచి తొడిగి, కింద రబ్బరు పాదం బిగిస్తారు. సుగుణ గ్రేస్ చేత అతన్ని హిందీలో అడిగించింది: మిషను తొక్కొచ్చా? అతను చేస్తున్న పని ఆపకుండానే అన్నాడు, ఇది నడవడానికి చేసిన కాలు, మిషను సంగతి నాకు తెలియదు, చీలమండ దగ్గర వంగదు అని.

సుగుణ తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. "వంగకపోతే ఎట్టా తొక్కుతానండీ," అని ఒక్కసారి అంది, అంతే.

నా తప్పు

రెండో రోజు పదకొండింటికి కాలు తొడిగి చూస్తారు. వెంకటరమణప్పగారు ముందే వెళ్ళిపోయారు. నేను బస్సెక్కిస్తానన్నాను. కన్నడ అక్షరాలు తెలుగు వచ్చినవాళ్ళని మోసం చేస్తాయి. చదవగలిగినట్టే ఉంటాయి. నేను బోర్డు మొదటి అక్షరం 'బ' అని గట్టిగా చదివి, ధైర్యంగా ఎక్కించాను. ముప్పావుగంట తర్వాత ఇళ్ళు పలచబడి, చెట్లు మొదలయ్యాయి. కండక్టరుని అడిగితే బన్నేరుఘట్ట అన్నాడు. పులులుండే చోటు.

దిగి మళ్ళీ రెండు బస్సులు మారాం. కర్రల మీద సుగుణ, వెనక సంచులతో నేను. ఒకచోట హోటల్లో మసాలా దోసె తిన్నాం, పన్నెండు రూపాయలు, మా ఊళ్ళో ఆరు. లోపల ఎర్ర కారం పూస్తారు. సుగుణ దాన్ని విప్పి చూసి, "లైనింగ్ వేశారు," అంది. నేను చేసిన తప్పుకి ఆమె ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది.

మేం చేరేసరికి రెండయింది. తొడిగి చూడడం అయిపోయింది. కిషన్ చేతులు కడుక్కుంటున్నాడు. గ్రేస్ అతని దగ్గరికెళ్ళి హిందీలో ఏదో చెప్పింది. అతను మళ్ళీ చేతులు తుడుచుకుని వచ్చాడు.

సుగుణ రెండు కమ్మీల మధ్య నిలబడింది. ఒక అడుగు. ఇంకో అడుగు. మూడేళ్ళలో ఆమె ఎత్తు ఎంతో నేను మర్చిపోయాను. నాకంటే పొడుగు. ఏడుస్తుందనుకున్నాను. ఆమె తొడ మీది పట్టీ పట్టుకుని చూస్తోంది. కాలు జారకుండా మోకాలి పైన బిగించే పట్టీ అది, ముతక నవారు.

"ఇది కోసుద్దండీ," అంది. "అంచు మడవలేదు. రెండు రోజుల్లో తోలు లేచిపోయిద్ది."

గ్రేస్ తల ఊపింది. "అందరికీ అదే కంప్లైంటు. పుండు పడి, కాలు విప్పి మూల పెట్టేస్తారు. నిరుడు ఇచ్చినవాటిల్లో ఎన్ని అట్టా పడున్నాయో."

"సూదీ దారం ఉందా?"

కుట్టుమిషను గది

ఆ బళ్ళోనే ఒక గదిలో సంఘంవాళ్ళు ఆదివారాలు కుట్టుపని నేర్పుతారట. పాత మిషన్లు నాలుగున్నాయి, కాలితో తొక్కేవి. కరెంటువి కావు. మెత్తటి బట్ట లేదు. గ్రేసూ నేనూ పక్క ఫ్యాక్టరీకి వెళ్ళి అడిగాం. లోపల మూడు నాలుగు వందల మంది ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని కుడుతున్నారు. ఒక్కో వరసకి చొక్కాలో ఒక్కో ముక్క. ఒకమ్మాయి పొద్దుట్నుంచీ ఎడమ చేతి కఫ్ మాత్రమే కుడుతోంది. "పూర్తి చొక్కా ఎప్పుడైనా కుట్టావా?" అని అడిగాను. ఆంబూరు నుంచి వచ్చిందట, తెలుగు కొంచెం వచ్చు. "దానికి నాకేం పని?" అంది. సూపర్‌వైజరు ఒక గోనెసంచెడు బనీను గుడ్డ ముక్కలు ఊరికే ఇచ్చాడు. ఎట్లాగూ పారేసేవే.

తిరిగొచ్చేసరికి సుగుణ మిషను ముందు కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ మిషను కింద తొక్కే పీట మీద పెట్టుకుని. తొక్కుతోంది, దారం తెగుతోంది. తొక్కుతోంది, చక్రం వెనక్కి తిరుగుతోంది. కుడిపాదం పీట మీంచి జారి కింద పడుతోంది, పడిన సంగతి ఆమెకి శబ్దం విన్నాక తెలుస్తోంది.

"పాదానికి తెలీట్లేదండీ," అంది నన్ను చూసి. అంతవరకూ ఎప్పుడూ వినని గొంతు అది. నేను బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాను. మనిషి ఓడిపోవడం దగ్గరుండి చూడడం మర్యాద కాదనిపించింది. గ్రేస్ కూడా వచ్చి కూర్చుంది. తను మొదట బెంగళూరు వచ్చినప్పుడు ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదని, భాష రాక రోగులు తనని మూగదనుకున్నారని చెప్పింది. వెనక గదిలోంచి టకటకమని, ఆగి, మళ్ళీ టకటకమని వినిపిస్తోంది. కాసేపటికి ఆగకుండా వినిపించింది.

లోపలికి వెళ్ళాం. కుడిపాదాన్ని చీర అంచు పీలికతో పీటకి కట్టేసుకుంది. కాలు చీలమండ దగ్గర కాకుండా మోకాలి దగ్గర ఆడుతోంది.

"పాదానికి తెలీకపోతే మానె. మోకాలికి తెలుస్తోంది," అంది తల ఎత్తకుండా. బనీను గుడ్డ నాలుగు మడతలు పెట్టి పట్టీకి లోపలివైపు కుడుతోంది. కుట్టు కొంచెం వంకరగా పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది.

మూడో రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆమె ఆ గది దాటి రాలేదు. తన పట్టీ చూసి ఒకావిడ అడిగింది, ఆవిడది చూసి ఇంకొకాయన. మధ్యాహ్నానికి గుమ్మం బయట వరస కట్టారు. నేను గుడ్డ కత్తిరించాను. లెక్కల టీచర్ని కాబట్టి కొలతలు తప్పలేదు. వెంకటరమణప్పగారు రెండుసార్లు తొంగిచూసి, "భోంచేసినారా లేదా? అట్లే కుడతా ఉండారే!" అని, మూడోసారి అన్నం పొట్లాలు తనే తెచ్చి మిషను మీద పెట్టారు.

వేదిక

నాలుగో రోజు సభ. మైదానంలో షామియానా, కుర్చీలు, మైకు. పదింటికి రావాల్సిన ముఖ్య అతిథి పన్నెండున్నర అయినా రాలేదు. సంఘం అధ్యక్షుడు జిగణిలో ఫ్యాక్టరీ ఉన్నాయన. మంచిమనిషే. ఈ కాళ్ళకయ్యే ఖర్చులో సగం ఆయనదేనని నాగరత్నమ్మగారు చెప్పారు. ఆయనే వరస వెంట వచ్చి కన్నడంలో ఏదో చెబుతూ వెళ్ళారు. వెనకే వెంకటరమణప్పగారు తెలుగువాళ్ళకి మళ్ళీ చెబుతున్నారు. కాలు విప్పి పక్కన పెట్టుకుని కూర్చోవాలి. పేరు పిలిచాక ఇద్దరు కార్యకర్తలు ఎత్తుకుని వేదిక మీదికి తీసుకెళ్తారు. అతిథి కాలు చేతికిస్తారు. అక్కడే తొడుక్కుని నడిచి దిగాలి. ఫొటోగ్రాఫరు ఉన్నాడు.

అందరూ విప్పుతున్నారు. సుగుణ విప్పలేదు.

"అమ్మా, కొంచెం..." అన్నారు వెంకటరమణప్పగారు.

"మొన్నట్నుంచి పెట్టుకునే ఉన్నానండీ. విప్పను."

"సొల్పసేపే కదమ్మా. ఫొటో కోసరం."

"ఎవురిదండీ ఫొటో? కాలు లేని ఫొటో నాకెందుకు? అట్టాంటియ్యి మా ఇంట్లో చానా ఉన్నయ్యి."

అధ్యక్షుడు వెనక్కి వచ్చారు. ఏమంటోందని అడిగారు. వెంకటరమణప్పగారు ఆమె మాటలన్నీ కన్నడంలోకి మార్చలేదని నాకు అనిపించింది. అయినా అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. నలభై ఒక్క మంది విప్పారట, ఈమె ఒక్కతీ ఎందుకు విప్పదట, ఇట్లా అయితే వచ్చే ఏడాది చందాలు ఎవరిస్తారట. అందులో అబద్ధమేమీ లేదు. చందా ఇచ్చేవాళ్ళు ఆ ఫొటో చూసే ఇస్తారు. ఆ ఫొటో చూసే మరుసటి ఏడాది ఇంకో నలభై మందికి కాళ్ళు వస్తాయి. నేను సుగుణ పక్కనే కూర్చుని ఆ రెండు వైపులా చూస్తున్నాను. ఆమెకి సర్ది చెప్పమని వెంకటరమణప్పగారు నా వైపు చూశారు. నాలుగు రోజులు వాళ్ళింట్లో తిన్నాను.

"నేను చెప్పనండీ," అన్నాను.

గ్రేస్ అంది, తెలుగులోనే, ఎవరినీ ఉద్దేశించకుండా: "ఆసుపత్రిలో కూడా మేం తెర వేసే విప్పుతాం."

అప్పుడే కారు వచ్చింది. అందరూ అటు పరిగెత్తారు.

పేర్లు పిలుస్తున్నారు. ఒక్కొక్కరినే ఎత్తుకుని తీసుకెళ్తున్నారు. చప్పట్లు. ఫొటో. సుగుణది పదకొండో పేరు. ఎత్తడానికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఆమె లేచి నిలబడి, వాళ్ళని పక్కకి జరగమని, నడిచింది. మెట్లు మూడే. కర్రలు లేకుండా మెట్లు ఎక్కడం ఆమెకి అదే మొదలు. రెండో మెట్టు మీద ఊగింది. కొయ్య కమ్మీ పట్టుకుంది, ఎక్కింది.

ముఖ్య అతిథికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. అటూ ఇటూ చూసి, చివరికి చేతులు జోడించాడు. సుగుణ కూడా జోడించింది. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికీ తెలియలేదు. ఆమె దిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

పన్నెండో మనిషి మాగడి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. పక్కన విప్పి పెట్టుకున్న కాలు తీసుకుని, గబగబా తొడుక్కోవడం మొదలుపెట్టింది. పిలిచేవాడు రెండుసార్లు పిలిచి, ఆగాడు. ఆమె తొడుక్కునే దాకా మైకు ఊరికే గురగురమంది. ఆ తర్వాత కొందరు తొడుక్కునే వెళ్ళారు, కొందరిని ఎత్తుకునే తీసుకెళ్ళారు. మర్నాడు కన్నడ పత్రికలో వచ్చిన ఫొటో మాత్రం మూడో మనిషిది.

సాయంత్రం అధ్యక్షుడు కుట్టుమిషను గదికి వచ్చారు. సుగుణ సామాను సర్దుతోంది. ఆయన ఒక పట్టీ తీసి తిరగేసి చూసి, వెంకటరమణప్పగారితో ఏదో అన్నారు.

"ఇట్ల ఇంకొక నూరు కుట్టి పంపిస్తావా అని అడగతా ఉండారు. కూలి ఇస్తారంట," అన్నారాయన.

"కొలతకి ఒక పట్టీ ఇవ్వమనండి," అంది సుగుణ. క్షమాపణలు ఎవరూ చెప్పలేదు. ఆయన తన జేబులోంచి పెన్ను తీసి ఆమె అడ్రసు తనే రాసుకున్నారు. మద్రాసు మీదుగా ఎట్లా పంపాలి, ఎన్నిరోజులు పడుతుంది అని చాలాసేపు మాట్లాడుకున్నారు, పనివాళ్ళు పనివాళ్ళతో మాట్లాడినట్టు.

తిరుగు రైలు

కర్రలు గ్రేస్‌కి ఇచ్చేసి వచ్చింది సుగుణ. సోమవారం కట్టు కట్టించుకోవడానికి వచ్చే ఆనేకల్ ముసలాయనకి ఇవ్వమని.

మద్రాసులో రైలు మారాం. మాది కింది బెర్తు ఒకటి, పై బెర్తు ఒకటి. సూళ్ళూరుపేట దగ్గర ఒక పెద్దావిడ ఎక్కారు. భారీ మనిషి, రెండు స్టీలు క్యారేజీలు, ఒక తలగడ. ఆవిడకి వచ్చింది నడిమి బెర్తు. కింది బెర్తు మీద రెండు కాళ్ళూ చాపుకుని కూర్చున్న సుగుణని ఎగాదిగా చూశారు. చీర కుచ్చిళ్ళ కింద రెండు పాదాలూ చెప్పుల్లో ఉన్నాయి.

"ఇదిగో అమ్మాయ్, నువ్వు పైకి ఎక్కరాదూ? నాకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కలేను."

నేను నోరు తెరిచాను. సుగుణ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నోరు మూశాను.

"నేనెక్కలేనండీ," అంది సుగుణ. "పైన పడుకుంటే నాకు కళ్ళు తిరుగుతయ్యి."

"కళ్ళు తిరగడమేంటి! నీ వయసులో నేను బిందెలు మోశాను. పెద్దవాళ్ళంటే లక్ష్యం లేదు. ఒళ్ళు వంగదు. రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి, నాలుగు మెట్లెక్కడానికి బద్ధకం!"

ఆవిడ గూడూరు దాకా ఆపలేదు. ఈ కాలపు ఆడవాళ్ళ గురించి, వాళ్ళని పెంచిన తల్లుల గురించి, అన్నీ చెప్పారు. పక్క సీట్లవాళ్ళు కూడా సుగుణ వైపు కొంచెం కోపంగానే చూశారు. చివరికి నా పై బెర్తు ఒక కుర్రాడికిచ్చి, అతని కింది బెర్తు ఆవిడకి ఇప్పించి, ఆవిడ నడిమి బెర్తు నేను తీసుకున్నాను.

సుగుణ గోడకి ఆనుకుని, తల వంచుకుని, అన్నీ విన్నది. నెల్లూరు దాటాక నా వైపు వంగి చిన్నగా అడిగింది:

"టీచరుగారూ, ఆమె ఇందాక రెండు కాళ్ళూ, బద్ధకం అని ఏందో అంది. మళ్ళీ చెప్పండి."